ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బ్స్‌ని పోర్చుగీసులోకి ఎలా తేవాలి? పలాస జీడి మెయిళ్ళ తంటా

పలాస_పిక్కలు
మా యూనిట్‌కి మొజాంబిక్ నుంచి జీడి పిక్కలు వస్తాయి. మన ఉద్దానంలో పంట మార్చి నుంచి మే దాకా. అక్కడ అక్టోబరు, నవంబరులో మొదలవుతుంది కాబట్టి మన దగ్గర సరుకు లేని నెలల్లో వాళ్ళ పిక్కలే ఆదుకుంటాయి. బేరం నడిపే దళారీ ఇంగ్లీషులో రాస్తాడు. నంపులాలో గోదాం చూసుకునేవాళ్ళకి పోర్చుగీసు తప్ప రాదు. నేను అక్కడ కొన్నాళ్ళు ఉండి వచ్చాను కదా, మధ్యలో మెయిళ్ళు మార్చే పని నా నెత్తిన పడింది.

మాట్లాడటం వరకు ఇబ్బంది లేదు. తలనొప్పి అంతా ఇంగ్లీషు వాళ్ళ రెండు ముక్కల క్రియలతోనే, ఫ్రేజల్ వెర్బ్స్ అంటారే, వాటితోనే. నిన్న వచ్చిన ఒక్క మెయిల్‌లో 'హోల్డ్ ఆఫ్', 'సార్ట్ అవుట్', 'టర్న్ అవుట్', 'రన్ అవుట్', 'మేక్ అప్ ఫర్', 'ఫాల్ త్రూ' అన్నీ ఉన్నాయి. 'టర్న్' తెలుసు, 'అవుట్' తెలుసు, రెండూ కలిస్తే మూడో మనిషి తయారవుతాడు. డిక్షనరీలో ఒక్కోదానికి పది అర్థాలు. ఫోన్‌లో అనువాదం కొడితే పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి. సరుకు లక్షల్లో ఉంటుంది. వాయిదా వెయ్యమన్నది రద్దు చెయ్యమన్నట్టు వెళ్తే కంటైనర్ నకాలా రేవులో కూర్చుంటుంది. వీటికి పద్ధతి ఏమైనా ఉందా, బట్టీయేనా?

కోట_మాస్టారు
బట్టీయే నాయనా. విజయనగరంలో రిటైరయ్యేదాకా ఇంగ్లీషే చెప్పాను. గివ్ అప్, గివ్ ఇన్, గివ్ అవే అని పిల్లలకి పట్టిక రాసిచ్చి రోజుకి ఐదు చొప్పున అప్పగించుకునేవాణ్ణి. నువ్వూ ఒక నోటుబుక్కు పెట్టుకో. మొదటి గడిలో ఇంగ్లీషు, రెండో గడిలో పోర్చుగీసు, మూడో గడిలో వాక్యం. వెయ్యి దాటాక చేతికి వాటంతట అవే వస్తాయి.

రాజాం_రాజు
మాస్టారూ, 'పుట్ అప్ విత్' అంటే భరించుట. మా క్లాసులో ఆ పట్టికనే భరించాం.

బొబ్బిలి_వీణ
పట్టిక ఒక చోట చేతులెత్తేస్తుంది మాస్టారూ. నేను బ్రెజిల్ కస్టమర్ల పని చేస్తాను, రోజంతా పోర్చుగీసే. 'టర్న్ ఆఫ్' తీసుకోండి. మిషన్ అయితే 'దెస్లిగార్'. లైటు అయితే 'అపగార్'. కుళాయి అయితే 'ఫెషార్'. ఇంగ్లీషులో ఒకటే గడి, పోర్చుగీసులో మూడు. పట్టికలో ఏది రాస్తారు?

ఇప్పుడు తెలుగులో అనుకోండి. మిషన్ ఆపుతాం. లైటు ఆర్పుతాం. కుళాయి కట్టేస్తాం. మనకీ మూడే! పోర్చుగీసు వాళ్ళు విడగొట్టిన చోటే మనమూ విడగొట్టాం. అందుకే నేను ఇంగ్లీషు మాట మీద కూర్చోను. అక్కడ వస్తువుకి ఏం జరుగుతోందో ముందు తెలుగులో చెప్పుకుంటాను, ఆ తెలుగు ముక్కని పోర్చుగీసు చేస్తాను. ఇంగ్లీషు నుంచి సూటిగా వెళ్తే దారి తప్పే చోట, తెలుగు మీదుగా వెళ్తే చాలాసార్లు తిన్నగా చేరతాం.

టెక్కలి_వెల్డర్
వీణ గారు చెప్పింది నేను కళ్ళారా చూశాను. మొజాంబిక్‌లోనే టెటె వైపు పని చేశాను. పొద్దున్నే పని మొదలెట్టే ముందు సేఫ్టీ కాగితం చదువుతారు. ఇంగ్లీషు కాగితంలో అన్నిటికీ 'పుట్ ఆన్'. పోర్చుగీసు ఫోర్‌మన్ నోట మాత్రం షర్టుకి 'వెస్తీర్', బూట్లకి, గ్లౌజులకి 'కల్సార్', హెల్మెట్‌కి 'పోర్'. మనం చొక్కా తొడుక్కుంటాం, చెప్పులు వేసుకుంటాం, హెల్మెట్ పెట్టుకుంటాం. చీర అయితే కట్టుకుంటారు. మనవాళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. మాతో ఉన్న ఇంగ్లీషు చదువు సూపర్‌వైజరే అన్నిటికీ 'పోర్' 'పోర్' అనేవాడు.

తీసేటప్పుడు మాత్రం అన్నిటికీ 'తిరార్' ఒకటే.

సోంపేట_టు_లిస్బన్
వెల్డర్ అన్నా, చివరిది పూర్తిగా కాదు. 'తిరార్' అన్నిటికీ నడుస్తుంది, నిజమే. కానీ బట్టలు విప్పడానికి 'దెష్పీర్', చెప్పులు విడవడానికి 'దెష్కల్సార్' కూడా ఉన్నాయి. గుడి దగ్గర 'చెప్పులు విడువుము' అని బోర్డు ఉంటుంది చూడు, ఆ 'విడుచు'కి 'దెష్కల్సార్' సరిగ్గా అతుకుతుంది.

ముందు 'దెస్' లేదా 'దెష్' తగిలించి పని వెనక్కి తిప్పడం వాళ్ళకి బాగా అలవాటు. 'లిగార్' ఆన్ చెయ్యడం, 'దెస్లిగార్' ఆపడం. 'మొంతార్' బిగించడం, 'దెష్మొంతార్' విప్పడం. 'కర్రెగార్' ఎత్తడం, 'దెష్కర్రెగార్' దింపడం. ఇంగ్లీషులో వెనక 'ఆఫ్', 'డౌన్', 'అపార్ట్' వచ్చి చేసే పని ఇక్కడ ముందు 'దెస్' వచ్చి చేస్తుంది. పలాస అన్నకి లోడింగ్, అన్‌లోడింగ్ మెయిళ్ళలో ఇది బాగా పనికొస్తుంది.

టెక్కలి_వెల్డర్
'దెష్కల్సార్' మా సైట్‌లో వినలేదు తమ్ముడూ, బూట్లు విప్పే సందర్భం రాలేదు కాబట్టి కాబోలు. 'మొంతార్', 'దెష్మొంతార్' మాత్రం రోజూ వినేవాణ్ణి. పరంజా కట్టడం, పరంజా విప్పడం.

నాగావళి_గట్టు
భాషాశాస్త్రం చదువుతున్నాను, దీని వెనక ఉన్న సంగతి చెబుతాను. లెనర్డ్ టాల్మీ అనే ఆయన 1985లో ఒక వ్యాసం రాశారు, తర్వాత డాన్ స్లోబిన్ దాన్ని పొడిగించారు. ప్రపంచ భాషలు కదలికని చెప్పే తీరులో ప్రధానంగా రెండు దారులు. ఇంగ్లీషు, జర్మన్ లాంటివి ఎలా కదిలాడో క్రియలో పెట్టి, ఎటు కదిలాడో పక్కన చిన్న ముక్కలో పెడతాయి. పోర్చుగీసు, స్పానిష్, ఫ్రెంచి లాంటివి ఎటు అన్నదే క్రియలో పెడతాయి. ఎలా అన్నది తోకగా వస్తుంది, అక్కర్లేకపోతే రానే రాదు.

నాగావళిని ఈదుకుంటూ దాటాడు అనుకోండి. ఇంగ్లీషు వాడికి 'స్వామ్' అసలు క్రియ, దాటడం 'అక్రాస్'లో ఉంది. పోర్చుగీసు వాళ్ళు 'అత్రవెసో ఉ రియు అ నాదు' అంటారు. దాటాడు అన్నది క్రియ, ఈత తోక. మన వాక్యం చూడండి. అసలు క్రియ 'దాటాడు'. 'ఈదుకుంటూ' తోక. నిర్మాణం అదే!

కాబట్టి దిక్కు చెప్పే ఫ్రేజల్ వెర్బ్ వస్తే తలకిందులు చెయ్యండి. వెనకున్న చిన్న ముక్కని క్రియ చెయ్యండి. 'అప్' అయితే 'సుబీర్', ఎక్కు. 'డౌన్' అయితే 'దెషేర్', దిగు. 'ఇన్' అయితే 'ఎంత్రార్', దూరు. 'అవుట్' అయితే 'సయీర్', బయటికి పో. 'బ్యాక్' అయితే 'వొల్తార్', తిరిగి రా. గోదాంలో పొగ వస్తే కూలీలు 'రన్ అవుట్' అయ్యారంటే 'సయీర్ అ కొర్రేర్', పరుగెత్తుకుంటూ బయటికి రావడం. బ్రెజిల్ వాళ్ళు 'సయీర్ కొహెందు' అంటారు. 'పరుగెత్తుకుంటూ'కి అచ్చంగా అద్దినట్టుంటుంది.

బస్సు సంగతి కూడా ఇంతే. ఇంగ్లీషు వాడు 'గెట్ ఆఫ్' అంటాడు. పోర్చుగీసు వాడు 'దెషేర్', మనం దిగుతాం.

పలాస_పిక్కలు
తమ్ముడూ, ఇది ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ధర 'వెంట్ అప్' అంటే 'సుబియు' అని నేను అలవాటుగా రాసేస్తున్నాను, ఎందుకో ఇప్పుడు తెలిసింది.

కోట_మాస్టారు
నాగావళి చెప్పింది దిక్కులకి బాగుంది. ఒప్పుకుంటాను. కానీ 'గివ్ అప్'లో పైకి వెళ్ళేది ఏముంది? 'పుట్ అప్ విత్'లో ఎవరు ఏం పైన పెట్టారు? 'కాల్ ఆఫ్'లో పిలుపు ఎక్కడుంది? నీ సూత్రం అక్కడ ఆగిపోయింది. అక్కడ నా పట్టికే దిక్కు.

నాగావళి_గట్టు
అక్కడికి ఇంకో దారి ఉంది మాస్టారూ, అది మీకే ఎక్కువ తెలుసు. 'పుట్ అప్ విత్'కి పరీక్షలో ఇంకో మాట రాయమంటే ఏం రాయిస్తారు?

కోట_మాస్టారు
'టాలరేట్' రాయిస్తాను.

నాగావళి_గట్టు
'తొలెరార్'! పోర్చుగీసు అదే. 'ఫైండ్ అవుట్'కి?

కోట_మాస్టారు
'డిస్కవర్'.

నాగావళి_గట్టు
'దెష్కొబ్రీర్'. 'కాల్ ఆఫ్'కి 'క్యాన్సిల్', అది 'కన్సెలార్'. 'క్యారీ ఆన్'కి 'కంటిన్యూ', అది 'కొంతినువార్'. 'టర్న్ డౌన్'కి 'రిఫ్యూజ్', అది 'రెకుజార్'. 'మేక్ అప్ ఫర్'కి 'కాంపెన్సేట్', అది 'కొంపెన్సార్'. ఇంగ్లీషులో రెండు సంసారాలు ఉన్నాయి. ఇంట్లో మాట్లాడే పొట్టి మాటలు పాత జర్మానిక్ వైపువి. ఆఫీసు మాటలు చాలావరకు ఫ్రెంచి, లాటిన్ నుంచి వచ్చి చేరాయి. పోర్చుగీసు లాటిన్ కన్న బిడ్డ. కాబట్టి పొట్టి మాట కనబడగానే దాని ఆఫీసు జోడీని వెతకండి, పోర్చుగీసు చుట్టం దాని పక్కనే ఉంటుంది.

కోట_మాస్టారు
చాలా సంతోషం కలిగించావయ్యా. ఆ జోడీలన్నీ నా దగ్గర పుస్తకం నిండా ఉన్నాయి. పర్యాయపదాలు రాయండి అనే ప్రశ్నకి పిల్లలు ఎంత విసుక్కునేవారో! వాళ్ళలో ఒకరు పలాసలో జీడి పిక్కలు దించుకోవడానికి ఇది వాడతారని అప్పుడు తెలిసుంటే ఇంకా గట్టిగా చెప్పేవాణ్ణి.

సోంపేట_టు_లిస్బన్
ఇందులో రెండు జాగ్రత్తలు. ఒకటి, ఇంగ్లీషులో 'డిస్కవర్', 'రిఫ్యూజ్' కాస్త బిగుసుకున్నట్టుంటాయి. ఇక్కడ 'దెష్కొబ్రీర్', 'రెకుజార్' వీధిలో పిల్లలు కూడా అనేవే. కాబట్టి మెయిల్ మరీ పండితుల భాషలా ఉంటుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు.

రెండు, చుట్టాల్లో దొంగ చుట్టాలు ఉంటారు. 'రియలిజార్' అంటే చాలాచోట్ల 'రియలైజ్' కాదు, 'క్యారీ అవుట్'. పని జరిపించడం. 'ప్రెతెందేర్' అంటే నటించడం కాదు, ఉద్దేశించడం. 'పోస్ట్‌పోన్'కి వరస కలిసే మాట ఒకటి ఉంది గానీ మామూలుగా ఎవరూ అనరు, 'పుట్ ఆఫ్' అంటే 'అదియార్' అనే అంటారు. 'గివ్ అప్'కి 'దెజిష్తీర్'. కానీ సిగరెట్ 'గివ్ అప్' చేస్తే 'దెయిషార్ ద్ ఫుమార్', తాగడం మానేశాడు. మనకీ పోటీ నుంచి తప్పుకోవడం వేరు, అలవాటు మానడం వేరు కదా.

కళింగపట్నం_ఓడ
సరుకు ఓడల్లో పని చేస్తాను. బ్రెజిల్‌లో సాంతోస్, పరనగ్వా రేవులకి వెళ్తుంటాం. మీరంతా ఒక ముఖ్యమైన విషయం వదిలేశారు. ఏ పోర్చుగీసు? పోర్చుగల్, మొజాంబిక్, అంగోలా ఒక వైపు. బ్రెజిల్ ఇంకో వైపు. ఫ్రేజల్ వెర్బ్స్ దగ్గరే తేడా బాగా కొడుతుంది.

మిషన్ 'బ్రేక్ డౌన్' అయితే పోర్చుగల్ వైపు 'అవరియార్', బ్రెజిల్‌లో 'కెబ్రార్'. విమానం 'టేక్ ఆఫ్' అయితే అక్కడ 'దెష్కులార్', ఇక్కడ 'దెకొలార్'. 'త్రో అవే' అక్కడ 'దెయితార్ ఫొర', ఇక్కడ 'జొగార్ ఫొర'. అన్నిటికంటే 'పిక్ అప్' చూడండి. లిస్బన్‌లో బస్సు పట్టుకోవడం కూడా 'అపన్యార్', కింద పడింది ఏరడం కూడా 'అపన్యార్'. బ్రెజిల్‌లో 'అపన్యార్' అంటే చాలాసార్లు దెబ్బలు తినడం. బస్సుకి 'పెగార్' అనాలి.

రాజాం_రాజు
అంటే లిస్బన్‌లో బస్సు పట్టుకున్నవాడు బ్రెజిల్‌లో బస్సు చేతిలో తన్నులు తింటాడు. దసరాకి ఊరొచ్చే బస్సులో ఎక్కడం కూడా బ్రెజిల్ 'అపన్యార్' లెక్కలోకే వస్తుంది.

సోంపేట_టు_లిస్బన్
ఓడ అన్నా, 'దెయితార్ ఫొర' గుర్తు చేశావు, మంచిదైంది. పోర్చుగీసులో ఫ్రేజల్ వెర్బ్స్ అసలే లేవని కొన్ని పాఠాల్లో చెబుతారు. అది సరి కాదు. 'దెయితార్ ఫొర' పారేయడం, 'ఈర్ ఎంబొర' వెళ్ళిపోవడం, 'వొల్తార్ అత్రాష్' మాట వెనక్కి తీసుకోవడం. తక్కువ, అంతే.

కళింగపట్నం_ఓడ
నిజమే. ఇంకోటి, కొత్తగా వచ్చే మన కుర్రాళ్ళకి నేను తప్పకుండా చెప్పేది. రేవు ఆఫీసుల తలుపు మీద 'పుషి' అని వినబడే మాట రాసి ఉంటుంది. దాని అర్థం లాగండి! తొయ్యడం 'ఎంపుహార్'. ఇంగ్లీషు చెవితో విని తోస్తూ నిలబడతారు, లోపలున్నవాళ్ళు చేతులూపుతూ ఉంటారు.

చీపురుపల్లి_లక్ష్మి
నాకు పోర్చుగీసు ఒక్క ముక్క రాదు, చదువుతుంటే మాత్రం బాగుంది. మేస్త్రీ, అల్మారా, తువ్వాలు, పీపా పోర్చుగీసు నుంచే వచ్చాయంటారు, నిజమేనా?

నాగావళి_గట్టు
నిజమే అక్కా. 'మెష్త్రె', 'అర్మారియు', 'తువాల్య', 'పీప'. అనాస, బొత్తాం, పాదిరి కూడా. గోవా పోర్చుగీసు వాళ్ళ చేతిలో 1961 డిసెంబరు దాకా ఉంది, అంతకుముందు కొన్ని వందల ఏళ్ళు తీరం పొడుగునా వ్యాపారం. పలాస అన్న చేతిలో ఉన్న జీడిమామిడి కూడా వాళ్ళు బ్రెజిల్ నుంచి తెచ్చినదే. కానీ గమనించండి, వచ్చినవన్నీ వస్తువుల పేర్లు, మనుషుల వృత్తుల పేర్లు. క్రియలు అరువు రావడం కష్టం. ఈ చర్చ ఇంత పొడుగు సాగుతున్నది కూడా అందుకే.

బొబ్బిలి_వీణ
క్రియలు అరువు రాకపోయినా పోలికలు చూస్తే ముచ్చటేస్తుంది. 'తిరార్' అంటే తియ్యడం. టోపీ తియ్యడం 'తిరార్'. ఫొటో తియ్యడం కూడా 'తిరార్'! బ్యాంకులో డబ్బులు తియ్యడం కూడా 'తిరార్'. ఇంగ్లీషులో ఇవి 'టేక్ ఆఫ్', 'టేక్', 'విత్‌డ్రా' అని మూడు.

'పోర్' అంటే పెట్టడం. హెల్మెట్ పెట్టుకోవడం 'పోర్'. పిల్లకి పేరు పెట్టడం 'పోర్'. కోడి గుడ్డు పెట్టడం కూడా 'పోర్'. ఇంగ్లీషులో కోడి 'లే' చేస్తుంది.

ఇంక 'అకబార్'. అయిపోవడం. ఇంగ్లీషు వాడు 'వియ్ రాన్ అవుట్ ఆఫ్ డీజిల్' అని పరుగులు పెడతాడు. పోర్చుగీసులో డీజిల్ 'అకబో', అయిపోయింది. అంతే. దీని మీదే ఇంకో రెండు కట్టారు. 'అకబార్ ద్' అని ఇంకో క్రియ కలిపితే ఇప్పుడే చేశాను అని అర్థం. 'అకబార్ పోర్' అని కలిపితే (ఈ 'పోర్' పెట్టడం కాదు, వేరే చిన్న ముక్క) ఇంగ్లీషు 'ఎండ్ అప్'. రెండ్రోజులకని వెళ్ళి అక్కడే ఉండిపోయాడు అంటాం చూడండి, ఆ 'పోయాడు' చేసే పని 'అకబో పోర్ ఫికార్'లో 'అకబో' చేస్తుంది. బ్రెజిల్ వాళ్ళు 'అకబో ఫికందు' అంటారు. ఈ ఒక్క క్రియ చేతిలో ఉంటే ఇంగ్లీషు వాడి 'అవుట్', 'అప్' సగం తీరిపోతాయి.

సోంపేట_టు_లిస్బన్
వీణ అక్కా, పోలికలు నాకూ ఇష్టమే, కానీ తెలుగుని మరీ గుడ్డిగా నమ్మితే కూడా దెబ్బే. మనం పైకి ఎక్కు అంటాం, కిందికి దిగు అంటాం, లోపలికి దూరు అంటాం. ఎవరూ తప్పు పట్టరు. పోర్చుగీసులో 'సుబీర్ పర సీమ' అని రాస్తే టీచర్ ఎర్ర సిరాతో కొట్టేస్తుంది. 'సుబీర్'లోనే పైకి ఉంది కదా, మళ్ళీ పైకి ఎందుకని. మాటల్లో జనం అంటారు, రాతలో అనకూడదు. 'దెషేర్ పర బైషు', 'ఎంత్రార్ పర దెంత్రు' కూడా అంతే.

ఫోన్ దగ్గర కూడా చూసుకోవాలి. మనం ఫోన్ ఎత్తుతాం. ఇంగ్లీషు 'పిక్ అప్' కూడా ఎత్తడమే. పోర్చుగీసులో మాత్రం 'అతెందేర్', పలకడం. ఎత్తడం అనే మాట పెడితే ఫోన్‌ని చేత్తో పట్టుకుని పైకెత్తావని అర్థం.

బొబ్బిలి_వీణ
'సుబీర్ పర సీమ' సంగతి ఒప్పుకుంటాను. అయినా నేను అనేది తెలుగు మాటని మార్చమని కాదు, తెలుగులో ఆలోచన తేల్చుకోమని. ఎక్కడ విడిపోవాలో తెలుగు చెబుతుంది. ఏ మాట వాడాలో పోర్చుగీసు వాళ్ళే చెప్పాలి.

కోట_మాస్టారు
వీణమ్మ మాట నాకు నచ్చింది. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు ఆయనకి పట్టిక ఇచ్చేవాళ్ళు లేరు. సవరల దగ్గర కూర్చుని, వాళ్ళు ఏ సందర్భంలో ఏమంటున్నారో విని రాసుకున్నారు. తర్వాత నిఘంటువులు ఆయనే తయారు చేశారు. పలాస బాబూ, నంపులా వాళ్ళ దగ్గర నుంచి నీకు తిరుగు మెయిళ్ళు వస్తాయి కదా. వాటిని పారెయ్యకు. సరుకు ఆలస్యమైతే వాళ్ళు ఏమని రాశారు, సంచులు చాలకపోతే ఏమని రాశారు, అవి ఒక చోట ఎత్తి రాసుకో. పట్టికే, కానీ వాళ్ళ నోటి పట్టిక.

పలాస_పిక్కలు
మాస్టారూ, తప్పకుండా చేస్తాను. పాత మెయిళ్ళు అన్నీ ఉన్నాయి.

ఇప్పుడు అసలు మెయిల్ కింద పెడుతున్నాను, ఇంగ్లీషు వదిలేసి తెలుగులో చెప్పుకున్నాను వీణ గారు అన్నట్టు. మీరు సరిచూడండి.

మేము మళ్ళీ చెప్పేదాకా సరుకు ఓడ ఎక్కించకండి. పాడైన పిక్కలు ఏరెయ్యండి. తూకం గొడవ తేల్చండి. తగ్గిన తూకానికి బదులు కట్టండి. సంచులు అయిపోయాయని రాశారు, కొత్తవి పంపుతున్నాం. మొదటి లాటు పిక్కలు బాగా తేలాయి. రెండో పార్టీతో బేరం కుదరలేదు.

బొబ్బిలి_వీణ
ఎంత తేటగా ఉందో చూడండి! ఇంగ్లీషులో ఒకే 'సార్ట్ అవుట్' రెండు చోట్ల ఉండి ఉంటుంది. మీరు ఒక చోట ఏరడం, ఒక చోట తేల్చడం అన్నారు. మొదటిది 'సెపరార్', రెండోది 'రెజొల్వేర్'. తగ్గిన తూకానికి 'కొంపెన్సార్'. సంచులకి 'అకబార్' సరిపోతుంది.

సోంపేట_టు_లిస్బన్
సంచులకి 'ఫికాముష్ సెం సాకుష్' అని కూడా అంటారు, సంచులు లేకుండా ఉండిపోయాం అని. రెండూ సరే.

'హోల్డ్ ఆఫ్' దగ్గర నిదానంగా ఉండు అన్నా. అది రద్దూ కాదు, ఫలానా తేదీకి వాయిదా కూడా కాదు. 'సుష్పెందేర్ ఉ ఎంబార్క్ అతె నోవు అవీజు' అని రాయి, మళ్ళీ కబురు పెట్టేదాకా లోడింగ్ ఆపండి అని. తేదీ చెబితే 'అదియార్'. బేరమే వద్దంటే 'కన్సెలార్'. ఈ మూడూ ఎప్పుడూ కలపకు. ప్రతిసారీ తేదీ అంకెల్లో వెయ్యి, మాట అటూ ఇటూ అయినా తేదీ కాపాడుతుంది.

టెక్కలి_వెల్డర్
తేదీ మాట నిజం. సైట్‌లో కూడా 'టర్న్ ఆఫ్' అని ఊరుకోకుండా ఏ వాల్వు, ఏ నంబరు అని రాయించేవాళ్ళం.

కళింగపట్నం_ఓడ
బేరం కుదరలేదు అన్న చోట 'ఈర్ పోర్ ఆగ్వ అబైషు' వెయ్యొచ్చు. నీళ్ళలో కొట్టుకుపోవడం. మనకి గంగలో కలిసింది అన్నట్టు. మంచి నుడికారం.

సోంపేట_టు_లిస్బన్
మాటల్లో అయితే బాగుంటుంది అన్నా. వ్యాపారం మెయిల్‌లో వద్దు, ఎవరో పాడు చేశారని దెప్పినట్టుంటుంది. 'ఉ నెగోసియు నావ్ సె కొంక్రెతిజో' అని మర్యాదగా రాస్తే చాలు. రేపు అదే పార్టీతో మళ్ళీ బేరం నడవొచ్చు కదా.

కళింగపట్నం_ఓడ
అదీ నిజమే. మెయిల్‌కి నీ మాటే ఖాయం.

నాగావళి_గట్టు
'బాగా తేలాయి' దగ్గర నాకో అనుమానం. ఇంగ్లీషు మెయిల్‌లో 'టర్న్డ్ అవుట్' అని క్రియగా ఉందా, 'అవుట్‌టర్న్' అని నామవాచకంగా ఉందా? రెండూ ఒకటి కావు.

పలాస_పిక్కలు
భలే పట్టుకున్నావు తమ్ముడూ. రెండూ ఉన్నాయి! అవుట్‌టర్న్ అంటే మా వ్యాపారంలో ప్రాణం. 80 కిలోల బస్తా పిక్కలు కొడితే ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందో ఆ లెక్క. 46 అని, 48 అని అంటాం. ధర అంతా దాని మీదే. ఇక్కడ కొందరు కుర్రాళ్ళు ఆ అంకె చూసి పిక్కలు బాగున్నాయి అని మాత్రమే మార్చేస్తారు. నంపులా వాళ్ళు దానికి 'రెందిమెంతు' అంటారు.

బొబ్బిలి_వీణ
అయితే 'టర్న్డ్ అవుట్ వెల్'కి 'సయీరాం బోవష్' అనొచ్చు, బాగా వచ్చాయి అని. అంకె ఉన్న చోట 'రెందిమెంతు'. ఇంకో మాట, పప్పుకి వాళ్ళు 'అమెందొవ' అంటారు, బాదంకి కూడా అదే మాట. అనువాదం మిషన్‌కి వదిలేస్తే జీడిపప్పు బాదంపప్పు అయి కూర్చునే ప్రమాదం ఉంది. 'అమెందొవ ద్ కజూ' అని పూర్తిగా రాయండి.

రాజాం_రాజు
పలాస నుంచి బాదంపప్పు వెళ్తే ఆ యూనిట్ ముందు రేపు పొద్దున్నే ఫొటోలు 'తిరార్' చేసుకోవడానికి నేనొస్తాను.

కోట_మాస్టారు
రాజూ, చూశావా, ఒక్క పూటలో నీకే ఒక క్రియ వంటబట్టింది. పట్టిక లేకుండానే.

పలాస_పిక్కలు
అందరికీ చాలా థాంక్స్. ఇంక ఒక్కటే మిగిలింది. మెయిల్ చివర దళారీ ఎప్పుడూ 'లుకింగ్ ఫార్వర్డ్ టు' అని రాస్తాడు, 'ఫాలో అప్' చెయ్యమని కూడా. వీటికి తెలుగులో ఆలోచిస్తే ఎదురుచూస్తుంటాను, వెంటపడి కనుక్కోండి అని వస్తోంది. వెంటపడమంటే బాగోదేమో?

సోంపేట_టు_లిస్బన్
వెంటపడొద్దు అన్నా. 'దార్ సెగిమెంతు' అని ఉంది, పనిని ముందుకు నడిపించండి అని. ఎదురుచూడటానికి 'అగ్వర్దాముష్ అ వొస రెష్పొష్త' అని రాసి కింద పేరు పెట్టెయ్, మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాం అని. మొజాంబిక్‌కి ఇదే సరి.

బొబ్బిలి_వీణ
బ్రెజిల్‌కి పంపేటప్పుడు 'వొస' తీసేసి 'సువ' పెట్టండి. అక్కడ 'వొస' అంటే మరీ పాతకాలపు ఉత్తరంలా ఉంటుంది.